మధ్యలో ఉన్న సర్వర్: ఎన్ఎఫ్ఎస్ రీ-ఎక్స్‌పోర్ట్‌లో రీడ్ స్పీడ్ పడిపోయిన ఒక కేసు

ఇది హైదరాబాద్‌లోని ఒక వీఎఫ్ఎక్స్ స్టూడియో కేసు. స్టూడియో పేరు, ఏరియా, అప్పుడు నడుస్తున్న సినిమా, మూడూ చెప్పను. అంకెలను కొంచెం గుండ్రం చేశాను, లెక్క మాత్రం మారదు. నేను స్టోరేజ్, లినక్స్ పనులు చేసే కన్సల్టెంట్‌ని. ఈ కేసులో రెండు రోజులు తప్పు చోట వెతికాను. రాయడానికి కారణం కూడా అదే.

ముందు సంగతి

స్టూడియో అసలు స్టోరేజ్ ముంబైలో ఉంది. రెండర్ ఫామ్, అంటే ఫ్రేములను తయారుచేసే మెషీన్ల గుంపు, ఇక్కడ ఉంది, 60 మెషీన్లు. మధ్యలో 1 గిగాబిట్ లీజ్డ్ లైన్. పింగ్ కొడితే, అంటే ఒక చిన్న ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి, 18 మిల్లీసెకన్లు. ఒకే టెక్స్చర్‌ని (బొమ్మ ఉపరితలానికి తొడిగే ఇమేజ్ ఫైలు) 60 మెషీన్లు ముంబై నుంచి 60 సార్లు లాగడం దండగ. అందుకే ఇక్కడ ఒక లినక్స్ సర్వర్ పెట్టి, ముంబై ఎన్ఎఫ్ఎస్‌ని (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) దాని మీద మౌంట్ చేసి, ఆ మౌంట్‌నే మళ్లీ ఎన్ఎఫ్ఎస్‌గా ఫామ్‌కి ఎక్స్‌పోర్ట్ చేశారు. ఒక మెషీన్ అడిగిన ఫైలు ఒకసారి వచ్చిందంటే, ఆ సర్వర్‌లోని 256 జీబీ ర్యామ్‌లో పేజీ క్యాష్‌గా, అంటే మళ్లీ అడిగితే వెంటనే ఇచ్చే కాపీగా, ఉండిపోతుంది. మిగతా 59 మెషీన్లకు అది లోకల్ ఫైలు కిందే లెక్క.

రీ-ఎక్స్‌పోర్ట్ అంటే అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమే. దానానికి కొన్ని షరతులున్నాయి. మామూలుగా డిస్క్‌కి ఉండే గుర్తింపు ఎన్ఎఫ్ఎస్ మౌంట్‌కి ఉండదు కాబట్టి, ఎక్స్‌పోర్ట్ లైన్లో ఎఫ్ఎస్ఐడీ (ఆ ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్య) మనమే రాయాలి. ముంబై ఇచ్చిన ఫైల్ హ్యాండిల్‌కి (ఫైలుని గుర్తుపట్టే చిన్న టోకెన్) మధ్య సర్వర్ తన 22 బైట్లు చుట్టి, మొత్తాన్ని నాలుగు గుణిజానికి పెంచి ఇస్తుంది. ఎన్ఎఫ్ఎస్ వెర్షన్ 3లో అదంతా 64 బైట్లలో ఇమడాలి. మధ్య సర్వర్ రీబూట్ అయితే లాకులు (ఒక ఫైలుని ఒకేసారి ఇద్దరు మార్చకుండా వేసే తాళాలు) తిరిగి రావు. ఇక్కడ ఫామ్ మొత్తం రీడ్-ఓన్లీగా మౌంట్ చేసుకుంటుంది, రెండర్ అయిన ఫ్రేములు వేరే లోకల్ స్టోరేజ్‌కి పోతాయి. అందుకని లాకుల తలనొప్పి లేదు. రీ-ఎక్స్‌పోర్ట్ మీద రాతలు కూడా నడిపేవాళ్లుంటే, నేనైతే ముందు వద్దనే చెబుతాను.

ఈ ఏర్పాటు ఉబుంటు 18.04 మీద ఏళ్ల తరబడి బాగానే నడిచింది.

వచ్చిన సమస్య

ఒక శనివారం రెండు పనులు కలిపి చేశారు. పాత సర్వర్ తీసేసి కొత్త హార్డ్‌వేర్ మీద ఉబుంటు 22.04 ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేశారు. అదే రోజు లీజ్డ్ లైన్ కంపెనీని మార్చారు. సోమవారం నుంచి ప్రతి షాట్‌లో మొదటి ఫ్రేమ్ పూర్తవడానికి ముందు 12 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 35 నిమిషాలు. సినిమా సంక్రాంతికి రిలీజ్. ఆ నెలల్లో స్టూడియోలో టెన్షన్ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

నాకు ఫోన్ చేసిన ఐటీ కుర్రాడి మొదటి మాట ఇది: "అన్నా, లైన్ వాడిదే ప్రాబ్లం. వాడు మాత్రం గ్రాఫ్ చూపించి మాది క్లీన్ అంటున్నాడు."

గ్రాఫ్ నేనూ చూశాను. ఫామ్ మొత్తం నడుస్తున్న వేళ లైన్ మీద 240 మెగాబిట్లు పోతున్నాయి. గిగాబిట్‌లో పావు వంతు కూడా కాదు. సర్వర్ సీపీయూ రెండు శాతం. లోపలి 10 గిగాబిట్ నెట్‌వర్క్ దాదాపు ఖాళీ. అందరూ ఎదురుచూస్తున్నారు, ఎవరికీ పని లేదు. ఇలాంటి బొమ్మ కనబడితే ఇరుకు దారిలో లేదని, ఎవరో అడగాల్సినంత అడగడం లేదని నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

మొదటి రెండు రోజులు

లైన్‌ని పక్కన పెట్టడానికి ఐపెర్ఫ్ అనే నెట్‌వర్క్ స్పీడు టూల్‌తో కొలిచాను. ఒక్క టీసీపీ కనెక్షన్ మీదే 930 మెగాబిట్లు వచ్చాయి. లైన్ కంపెనీ చెప్పింది నిజమే. అప్పటికే ప్రొడక్షన్ మేనేజర్ టేబుల్ మీద 2 గిగాబిట్లకు అప్‌గ్రేడ్ కొటేషన్ రెడీగా ఉంది. "సార్, సైన్ పెట్టేయమంటారా?" అని అడిగారు. రెండు రోజులు ఆగమన్నాను.

తర్వాత నేనే ఒక తప్పు కొలత తీసుకున్నాను. ఫామ్ మెషీన్ మీద డీడీ కమాండ్‌తో ఒక పెద్ద ఫైలు చదివితే సెకనుకు 1.1 జీబీ వచ్చింది. ఇంత స్పీడుంటే సమస్య ఎక్కడ అని గంటసేపు రెండరర్ సెట్టింగులు తవ్వాను. ఆ ఫైలు అప్పటికే మధ్య సర్వర్ ర్యామ్‌లో ఉంది. నేను కొలిచింది లోపలి నెట్‌వర్క్‌ని మాత్రమే. రీ-ఎక్స్‌పోర్ట్‌లో క్యాష్‌లు రెండు చోట్ల ఉంటాయి: చదివే మెషీన్‌లో ఒకటి, మధ్య సర్వర్‌లో ఒకటి. లినక్స్ కెర్నల్‌లోని డ్రాప్ క్యాషెస్ సెట్టింగ్‌లో 3 రాసి రెండింటినీ ఖాళీ చేశాక కొలిస్తే సెకనుకు 7 ఎంబీ వచ్చింది. అసలు జబ్బు కనబడింది అప్పుడే.

ఈ 7 అంకెను అక్కడే ఆపి, పింగ్‌తో గుణించి ఉంటే కేసు ఆ సాయంత్రమే ముగిసేది. చేయలేదు. అలవాటు కొద్దీ ఫామ్ మెషీన్ల మౌంట్ ఆప్షన్లు ముట్టుకున్నాను. రీడ్ సైజ్ (ఒక్కసారికి అడగగలిగే గరిష్ఠం) ఎంతో చూస్తే అప్పటికే 1 ఎంబీ. ఫామ్ మెషీన్లలో రీడ్-అహెడ్ (ఇంకా అడగకముందే ముందుగా తెచ్చిపెట్టే పరిమాణం) 16 ఎంబీకి పెంచితే 7 కాస్తా 9 అయింది. ఇరవై శాతమో ముప్పై శాతమో మెరుగైతే మనిషికి ఆశ పుడుతుంది. అదే ప్రమాదం. ఆ ఆశతోనే మిగతా సాయంత్రం అదే చోట గడిచిపోయింది.

డిస్క్ క్యాష్ కూడా ప్రయత్నించాం. మధ్య సర్వర్‌లో ఖాళీ ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్ఎస్‌డీ) ఉంది కదా అని, చదివిన ఫైళ్లను డిస్క్ మీద దాచే క్యాష్‌ఫైల్స్‌డీ పెట్టి, దాన్ని వాడమని ముంబై మౌంట్‌కి ఎఫ్ఎస్‌సీ ఆప్షన్ ఇచ్చాం. మొదటిసారి చదవడం ఇంకా నెమ్మదించింది. ఈ క్యాష్ ఉన్నప్పుడు ఎన్ఎఫ్ఎస్ చదివే దారిని నెట్‌ఎఫ్ఎస్ అనే కొత్త లైబ్రరీ మీదకు మార్చింది 6.4 కెర్నల్‌లో. 22.04తో వచ్చేది అంతకంటే పాత 5.15. తీసేశాం.

థ్రెడ్లు

మూడో రోజు పొద్దున మధ్య సర్వర్ లోడ్ యావరేజ్ (పనిలోనో ఎదురుచూపులోనో ఉన్న ప్రాసెస్‌ల సగటు) చూశాను. కాస్త అటూ ఇటూగా 8. సీపీయూ ఖాళీగా ఉన్నప్పుడు లోడ్ 8 దగ్గరే పాతుకుపోవడం మామూలు కాదు. పీఎస్ కమాండ్ కొడితే, ఫామ్ అడిగినవాటికి జవాబిచ్చే ఎన్ఎఫ్ఎస్‌డీ థ్రెడ్లు ఎనిమిదే ఉన్నాయి, ఎనిమిదీ డీ స్టేట్‌లో, అంటే డేటా కోసం ఆగిపోయి ఉన్నాయి.

"పాతదాంట్లో 64 పెట్టాం కదా అన్నా, ఆ ఫైలే కాపీ చేశాను" అన్నాడు కుర్రాడు. నిజమే, కాపీ చేశాడు. ఉబుంటు 18.04లో థ్రెడ్ల సంఖ్య ఈటీసీ కింద డీఫాల్ట్ డైరెక్టరీలోని ఫైల్లో ఉండేది. 22.04లో సెట్టింగులన్నీ ఎన్ఎఫ్ఎస్ డాట్ కాన్ఫ్‌కి మారాయి. ఉన్న సిస్టమ్‌నే అప్‌గ్రేడ్ చేస్తే పాత విలువలను ప్యాకేజే అటు మారుస్తుంది. ఫ్రెష్ ఇన్‌స్టాల్ మీద పాత ఫైలు తెచ్చి పెడితే దాన్ని చదివేవాడు లేడు. ఎర్రర్ కూడా రాదు. డీఫాల్ట్ 8తో నడిచిపోతుంది.

మామూలు ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌కి 8 థ్రెడ్లు మరీ తక్కువేం కాదు, డిస్క్ నుంచి జవాబు మైక్రోసెకన్లలోనో ఒకటి రెండు మిల్లీసెకన్లలోనో వచ్చేస్తుంది. రీ-ఎక్స్‌పోర్ట్‌లో క్యాష్‌లో లేని ప్రతి అడుగుడుకీ ఒక థ్రెడ్ కనీసం 18 మిల్లీసెకన్లు చేతులు కట్టుకుని నిలబడాలి. మీసేవలో ఎనిమిది కౌంటర్ల వాళ్లూ ఊరి నుంచి రావాల్సిన కాగితం కోసం కూర్చుంటే, బల్ల మీదే రెడీగా ఉన్న సర్టిఫికెట్ కోసం వచ్చినవాడూ లైన్లోనే ఉంటాడు. ఇక్కడ జరిగిందీ అదే. ర్యామ్‌లో ఉన్న ఫైళ్లు కూడా నెమ్మదిగానే అందుతున్నాయి. క్యాష్ ఉన్నా ఉపయోగం లేకుండా పోయింది.

64 కాకుండా 128 పెట్టాను. 60 మెషీన్లు, ఒక్కోటి ఒకే సమయంలో రెండు మూడు ఫైళ్లు అడుగుతుంది, క్యాష్‌లో ఉన్నవాటికి చోటు మిగలాలి. ఖాళీ థ్రెడ్‌కి ఖర్చు చాలా తక్కువ. లైన్ 240 నుంచి 550 మెగాబిట్లకు పెరిగింది, క్యాష్‌లో ఉన్న ఫైళ్లు చకచకా వచ్చాయి, మొదటి ఫ్రేమ్ 21 నిమిషాలకు దిగింది. స్టూడియో వాళ్లు చేతులు కలిపారు. కాని క్యాష్ ఖాళీ చేసి ఒక్క ఫైలు చదివితే ఇంకా 7 ఎంబీయే. ఖాళీ ఫామ్ మీద ఒకే ఒక్క ఫైలుకి థ్రెడ్ల కొరత ఎలా ఉంటుంది? అంటే ఇంకోటి ఏదో ఉంది.

ఏడు ఎక్కడిది

ఇప్పటికి గాని కాగితం తీయలేదు. సెకనుకు 7 ఎంబీ, ఒక రౌండ్ ట్రిప్‌కి 0.018 సెకన్లు. గుణిస్తే 126 కేబీ. అంటే ముంబైకి ఒకసారి వెళ్లి వచ్చేలోపు దాదాపు 128 కేబీ మాత్రమే దారిలో ఉంటోంది. 128 అంకె చూడగానే లినక్స్‌తో పనిచేసేవాళ్లకి వెలుగుతుంది, కెర్నల్ డీఫాల్ట్ రీడ్-అహెడ్ అదే.

వేసవిలో అపార్ట్‌మెంట్‌కి నీళ్ల ట్యాంకర్ తెప్పించుకునేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఒకటి ఖాళీ అయ్యాకే రెండోదానికి ఫోన్ చేస్తే, రోడ్డు ఎంత వెడల్పున్నా నీళ్లు ఆగి ఆగే వస్తాయి. 2 గిగాబిట్ల లైన్ అంటే రోడ్డు వెడల్పు చేయడమే. సంతకం పెట్టి ఉంటే డబ్బు పోయేది, 7 ఎంబీ మాత్రం 7గానే ఉండేది.

మరి పాత సర్వర్‌లో ఎందుకు బాగుంది? 18.04లోని 4.15 కెర్నల్‌లో ఎన్ఎఫ్ఎస్ క్లయింట్ తన రీడ్-అహెడ్‌ని రీడ్ సైజ్‌కి 15 రెట్లు పెట్టుకునేది. రీడ్ సైజ్ 1 ఎంబీ అయితే రీడ్-అహెడ్ 15 ఎంబీ. ఆ పద్ధతి వచ్చిన కాలంలో రీడ్ సైజులు చిన్నవి, 15 రెట్లంటే పెద్ద లెక్క కాదు. రీడ్ సైజ్ 1 ఎంబీకి వచ్చాక 15 ఎంబీ మరీ ఎక్కువని 5.4 కెర్నల్‌లో దాన్ని అందరికీ ఉండే 128 కేబీకి తగ్గించారు. పక్క రాక్‌లోని స్టోరేజ్‌కి ఆ మార్పు సబబే. 18 మిల్లీసెకన్ల దూరానికి మాత్రం గొంతు నొక్కినట్టే.

ఫామ్ మెషీన్లలో రీడ్-అహెడ్ పెంచితే ఎందుకు పెద్దగా రాలేదో కూడా ఇక్కడ తేలింది. మధ్య సర్వర్‌కి రెండు ముఖాలు. ఫామ్ వైపు చూస్తే అది సర్వర్, ముంబై వైపు చూస్తే అది క్లయింట్. ఫామ్ మెషీన్ ఎంత పెద్దగా అడిగినా, ముంబైకి వెళ్లే అడుగుడుని తయారుచేసేది మధ్య సర్వర్‌లోని క్లయింట్ ముఖమే. అక్కడ ఎన్ఎఫ్ఎస్ లెక్కలు చూపే ఎన్ఎఫ్ఎస్‌ఐఓస్టాట్ పెట్టి చూస్తే ఒక్కో రీడ్‌కి సగటున 128 కేబీ. రీడ్ సైజ్ 1 ఎంబీ అని మౌంట్ చెబుతున్నా అంత పెద్దది ఎవరూ అడగడం లేదు. ఈ ఒక్క అంకె మొదటి రోజే చూసి ఉండాల్సింది.

ఎంత పెంచాలి

మొదట పాత విలువే, 15 ఎంబీ ఇచ్చాను. ఒక్క ఫైలు 104 ఎంబీకి ఎగిరింది. లైన్‌కి అదే దాదాపు గరిష్ఠం. కుర్రాడు ఈల వేశాడు. ఫామ్ మొత్తం వదిలాక మాత్రం కథ మారింది. లైన్ పూర్తిగా నిండిపోయింది, మొదటి ఫ్రేమ్ మాత్రం 17 నిమిషాలు.

మధ్య సర్వర్‌కి నెట్‌వర్క్ కార్డులు రెండు. ముంబై వైపు కార్డులోకి వచ్చిన బైట్లు, ఫామ్ వైపు కార్డు నుంచి వెళ్లిన బైట్లు పక్కపక్కన పెట్టాను. క్యాష్ సరిగ్గా పనిచేస్తే వెళ్లినవే ఎక్కువుండాలి, ఒకసారి తెచ్చింది పదిమందికి పంచుతుంది కాబట్టి. ఇక్కడ వచ్చినవే ఎక్కువ. అంటే ఎవరూ అడగని డేటా కూడా తెస్తోంది. టెక్స్చర్ ఫైళ్లను రెండరర్ మొదటి నుంచి చివరి వరకు చదవదు. చిన్న చిన్న పలకలుగా కోసి పెట్టిన ఫైల్లో తనకు కావాల్సిన సైజు దగ్గరకు వెళ్లి, వరసగా కొన్ని పలకలు తీసుకుని, ఇంకో చోటికి దూకుతుంది. ఆ కాస్త వరస చూసి కెర్నల్ మొత్తం వరసే అనుకుని 15 ఎంబీ ముందుకు లాగుతుంది.

అందుకే లెక్క వేసి పెట్టాను. 1 గిగాబిట్ అంటే సెకనుకు 125 ఎంబీ, దాన్ని 0.018తో గుణిస్తే 2.25 ఎంబీ. లైన్ నిండాలంటే దారిలో అంత డేటా ఉంటే చాలు. కాస్త వెసులుబాటుకి 4 ఎంబీ ఇచ్చాను. ఒక్క ఫైలు 98 ఎంబీ, 104 కంటే తక్కువే. కాని ఫామ్ మొత్తం మీద వచ్చిన బైట్లు వెళ్లినవాటిలో మూడో వంతుకి దిగాయి, మొదటి ఫ్రేమ్ 11 నిమిషాలు. టీసీపీ బఫర్లు ముట్టుకోలేదు. లినక్స్ రిసీవ్ బఫర్ గరిష్ఠం డీఫాల్ట్‌గానే 6 ఎంబీ, 2.25కి అది చాలు. ఎన్‌కనెక్ట్ 4 పెట్టి ముంబైకి నాలుగు కనెక్షన్లు చేశాం, ఒకే కనెక్షన్‌లో ఒక ప్యాకెట్ పోతే దాని వెనకున్నవన్నీ ఆగకుండా. లోడ్ ఉన్నప్పుడు కొంచెం తేడా తెలిసింది, అంతే. ఒక చిన్న కిటుకు: ఆ సర్వర్‌కి మొదటి మౌంట్ ఏ సంఖ్యతో అయితే అదే ఖాయం, తర్వాతి మౌంట్లలో ఏం రాసినా పట్టించుకోదు.

మెటాడేటాతో తగిలిన దెబ్బ

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. రెండరర్ ప్రతి టెక్స్చర్ కోసం నాలుగైదు ఫోల్డర్లు వెతుకుతుంది, ప్రతి వెతుకులాటకీ 18 మిల్లీసెకన్లు. ఎన్ఎఫ్ఎస్ క్లయింట్ అట్రిబ్యూట్లను (ఫైలు సైజు, మారిన టైము లాంటి వివరాలు) డీఫాల్ట్‌గా ఫైళ్లకు 3 నుంచి 60 సెకన్లు, డైరెక్టరీలకు 30 నుంచి 60 సెకన్లు దాచుకుంటుంది. దాన్ని యాక్‌టైమియో 3600తో గంటకి పెంచి, ఫైలు తెరిచిన ప్రతిసారీ మారిందా అని సర్వర్‌ని అడగకుండా నోసీటీఓ కూడా ఇచ్చాను. పబ్లిష్ అయిన ఫైలు మారదు, కొత్తది కావాలంటే కొత్త వెర్షన్ ఫోల్డర్ వస్తుందని లీడ్ చెప్పారు. నిజమే. కాని ఏ వెర్షన్ వాడాలో చెప్పే చిన్న టెక్స్ట్ ఫైలు కూడా అదే చెట్టులో ఉంది, అది మాత్రం మారుతుంది. ఆ రాత్రి ఒక షాట్ మొత్తం పాత వెర్షన్ కాస్ట్యూమ్‌తో రెండర్ అయింది. పొద్దున సూపర్‌వైజర్ చూసి కనుక్కున్నారు కాబట్టి సరిపోయింది. తప్పు నాది. ఫైళ్లు మారవని చెప్పినప్పుడు, మారేవి ఏమైనా ఆ పక్కనే ఉన్నాయా అని అడగలేదు.

సరిచేసింది ఇలా: ముంబై వాళ్లచేత పబ్లిష్ చెట్టుని, ఆ చిన్న ఫైళ్లు ఉండే ఫోల్డర్‌ని రెండు వేరు ఎక్స్‌పోర్ట్‌లుగా ఇప్పించుకున్నాం. మొదటిదానికి గంట, నోసీటీఓ. రెండోదానికి డీఫాల్ట్ విలువలే. మొదటి ఫ్రేమ్ 9 నిమిషాలకి వచ్చింది. దాంతోపాటు వీఎఫ్ఎస్ క్యాష్ ప్రెషర్ 100 నుంచి 10కి తగ్గించాం, ర్యామ్ నిండినప్పుడు ఐనోడ్లను (ఫైలు వివరాల రికార్డులు), ఫైల్ పేర్లను కెర్నల్ అంత తేలిగ్గా పారేయకుండా.

మళ్లీ నెమ్మదించింది

రెండు వారాల తర్వాత కుర్రాడి ఫోన్. "అన్నా, మళ్లీ అదే." రాత్రి యూపీఎస్ మార్చేటప్పుడు సర్వర్ రీబూట్ అయింది. రీడ్-అహెడ్ విలువ సిస్ (నడుస్తున్న కెర్నల్ సెట్టింగులు కనబడే చోటు) కింద బీడీఐ డైరెక్టరీలో ఎకో కమాండ్‌తో రాసింది, రీబూట్‌తో పోయింది. ఏ డైరెక్టరీలో రాయాలో కూడా ప్రతి మౌంట్‌కీ మారుతుంది, మౌంట్‌పాయింట్ కమాండ్‌కి మైనస్ డీ ఇస్తే ఆ నంబరు చెబుతుంది. కొత్త ఎన్ఎఫ్ఎస్-యుటిల్స్‌లో దీనికోసమే ఎన్ఎఫ్ఎస్‌రహెడ్ అనే టూల్ ఉంది, ఎన్ఎఫ్ఎస్ డాట్ కాన్ఫ్‌లో విలువ రాస్తే మౌంట్ అయినప్పుడల్లా తనే పెడుతుంది. 22.04లోని వెర్షన్ దానికంటే పాతది. మౌంట్ తర్వాత నడిచే చిన్న సిస్టమ్‌డీ సర్వీస్ రాసి పెట్టాను. ఈసారి నేనే రీబూట్ చేసి చూసి వచ్చాను.

ఇప్పుడు నేను చేసే పద్ధతి

రీ-ఎక్స్‌పోర్ట్ కేసు వస్తే మొదట రెండు క్యాష్‌లూ ఖాళీ చేసి ఒక్క ఫైలు స్పీడు కొలుస్తాను, పింగ్‌తో గుణిస్తాను. వచ్చిన అంకె 128 కేబీ దగ్గర ఉంటే మధ్య సర్వర్ క్లయింట్ ముఖం దగ్గరకి, లైన్‌కి సరిపడా ఉండి కూడా ఫామ్ నెమ్మదిగా ఉంటే థ్రెడ్ల దగ్గరకి వెళతాను. ఫామ్ మెషీన్లను చివరికి గాని ముట్టుకోను. పాత సర్వర్ ఇంకా రాక్‌లో ఉంటే, దాన్ని ఆన్ చేసి, పాత కాన్ఫిగ్ ఫైళ్లు కాకుండా నడుస్తున్న విలువలు రాసుకుంటాను: థ్రెడ్లు ఎన్ని, రీడ్-అహెడ్ ఎంత, మౌంట్ ఆప్షన్లు ఏవి. ఈ స్టూడియోలో పాత సర్వర్ నేను వెళ్లిన రోజు కూడా స్టోర్ రూమ్‌లో ఉంది. పది నిమిషాల పని.

తర్వాతి ఏడాది సర్వర్‌ని 24.04కి మార్చారు, కెర్నల్ 6.8. అప్పుడు ఎఫ్ఎస్‌సీ మళ్లీ పెట్టి చూశాం, ఈసారి మొదటిసారి చదివేటప్పుడు స్పీడు పడిపోలేదు. ఎన్‌వీఎంఈలో మిగిలిన ఫైళ్ల వల్ల రీబూట్ తర్వాత ఫామ్ ఖాళీ క్యాష్‌తో మొదలయ్యే బాధ చాలావరకు తగ్గింది. సిస్టమ్‌డీ సర్వీస్ తీసేసి ఎన్ఎఫ్ఎస్‌రహెడ్‌కి మారాం. లైన్ ఇప్పటికీ 1 గిగాబిట్టే.